తిరుగు పైపు

జలదంకి దాటి ఐదారు కిలోమీటర్లు పోయానో లేదో
బండి దగ్గింది, ఈడిగిలపడింది.
ఇసకపల్లి కొటార్లలో ఎత్తిన ఉప్పు, ముప్పై బస్తాలు,
వింజమూరు సంతకు.
గేరు తీసి వాలులో దొర్లనిచ్చి
ఒక తుమ్మచెట్టు కింద ఆపాను.
దానికున్నదే సగం నీడ.

మా బండికి రెండు ట్యాంకులు.
ఎడమది కంపెనీతో వచ్చింది, నాది.
కుడిది నెల్లూరు పాతినప అంగట్లో కొని బిగించింది,
నా తోడల్లుడు మాలకొండయ్యది.
వారంలో మూడు రోజులు నేను, మూడు రోజులు వాడు.
ఎవరి డీజిలు వాళ్ళు పోసుకోవాలి.
సీటు కింద ఇత్తడి కాక్ ఒకటి,
అటు తిప్పితే నేను, ఇటు తిప్పితే వాడు.

ఫిల్టరు గిన్నె విప్పితే
అడుగున నీళ్ళు, నీళ్ళలో ఎర్రగా తుప్పు.
ఇరవై ఏళ్ళు వీపు మీద ఉప్పు మోసిన బండి.
ఉప్పు తిన్నది నీళ్ళు తాగక మానుద్దా!
పారబోసి, స్క్రూ వదులు చేసి
చేతిపంపు కొడతా కూర్చున్నాను.
నురగ, నురగ, బుడగ,
తర్వాత తేటగా డీజిలు.
స్టార్టయింది. రెండు ఫర్లాంగులకి మళ్ళీ పడుకుంది.

ఇక వాడి ట్యాంకే గతి.

ఎనిమిది నెలలయింది మాటల్లేక.
"రాత్రిళ్ళు నా ట్యాంకులో గొట్టమేసి పీలుస్తున్నావు"
అన్నాడు, అల్లూరు బంకులో, పదిమందిలో.
"నీ కాలు బరువురా,
యాక్సిలేటరు తొక్కేది కాదు, నిమిరేది" అన్నాను.
మా చెంగమ్మ వాళ్ళ చెల్లెలికి
చేపల పులుసు పంపడం కూడా మానేసింది.

వాడి సొత్తు వాడుకుంటే లెక్కుండాలి గదా.
సీటు వెనక వాడి వెదురుపుల్ల తీశాను,
గాటుకి ఐదు లీటర్లు, కత్తితో వాడే చెక్కుకున్నాడు.
ముంచి చూశా: నాలుగు గాట్లు.
కాక్ తిప్పి, బండి మళ్ళేసి, కావలి దారి పట్టాను.
కాలు నిమిరినట్టే పెట్టాను, ఒట్టు.

కావలిలో కాలేషా షెడ్డు ముందు దిగి
మళ్ళీ ముంచాను.
రెండున్నర.
ఇరవై కిలోమీటర్లకి ఏడు లీటర్లు ఏ బండి తాగుద్ది?
పుల్ల తుడిచి ఇంకోసారి ముంచాను.
రెండున్నరే.

కాలేషా బండి కిందికి దూరాడు.
కాళ్ళు మాత్రం కనపడతన్నాయి, ఒక చెప్పు తెగింది.
స్పానరుతో టంగుమని ఎక్కడో కొట్టి
కింద నుంచే అన్నాడు:
"ఇంజను కావాల్సినంత తాగి, మిగిలింది వెనక్కి పంపుద్ది అబ్బయ్యా.
ఆ తిరుగు పైపు ఒకటే ఉంది మీకు.
ఏ ట్యాంకులో తాగినా కక్కేది ఎడమదాన్లోకే."

నా ట్యాంకు ఎప్పుడూ రోంత ఎక్కువే వచ్చేది.
కాలి ఒడుపనుకున్నాను.
టీకొట్ల దగ్గర ఎంతమందికి పాఠం చెప్పానో.

కాలేషా రెండో కాక్ వేశాడు,
ఎడమ ట్యాంకు దించి, కడిగి, ఎండకి బోర్లించాడు.
"ఈ ఎనిమిది నెల్లల్లో ఎన్ని లీటర్లు వచ్చుంటాయి కాలేషా?"
"అది ట్యాంకునడుగు" అని బీడీ ముట్టించుకోబోయి,
చేతులు చూసుకుని, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

బంకులో కుడిదాన్ని మూతిదాకా నింపించాను.
ఫోన్ చేశాను, ఎత్తలేదు.
రేపు వాడి రోజు.
తెల్లారుజామున టార్చి పట్టుకుని పుల్ల ముంచుతాడు.
తగ్గితే దొంగతనమన్న మనిషి,
పెరిగితే ఏమంటాడో.

పుల్ల సీటు వెనక యథాప్రకారం పెట్టాను.
దాని కొస ఇంకా ఆరలేదు.